టేబుల్ దగ్గర ఆగండి: రీసెర్చ్ పేపర్లు చదవడంపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి: రీసెర్చ్ పేపర్ ఎలా చదవాలి, దాన్ని ఎలా తూకం వేయాలి. కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదైంది. మిగతావాటికి కావాల్సిన సంగతులు చాలావరకు అందులోనే ఉన్నాయి, అందుకని ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: ఫార్మకాలజీలో పీహెచ్‌డీ మొదటి ఏడాది చేస్తున్నాను. మా గైడ్ ఒక క్లినికల్ ట్రయల్ పేపర్ ఇచ్చి రివ్యూ రాసుకురమ్మన్నారు. రెండు రాత్రులు కూర్చుని మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చదివి నాలుగు పేజీలు రాసిస్తే, "ఇది సారాంశం, రివ్యూ కాదు" అని వెనక్కి ఇచ్చేశారు. తేడా ఏమిటో ఆయన చెప్పలేదు, నాకు అడిగే ధైర్యం రాలేదు.
— ఒక పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: అడగలేకపోయానని బాధపడకండి, ఆ తేడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడం మన దగ్గర చాలా చోట్ల ఉన్నదే. పొలం కొనాలనుకున్నప్పుడు అమ్మేవాళ్లు చెప్పింది విని ఇంటికొచ్చి చెప్పడం ఒకటి, పాస్‌బుక్ చూసి, ఈసీ తెప్పించి, గట్టు వెంట నాలుగు వైపులా నడిచి రావడం ఇంకొకటి. మొదటిది సారాంశం, రెండోది రివ్యూ. రచయితలు చెప్పినదానికి వాళ్లు చూపించిన ఆధారం సరిపోతుందా, సరిపోతే ఎంతవరకు, ఎవరి విషయంలో అన్నది మీరు తేల్చాలి.

ముందుగా మొదటి వాక్యం నుంచి వరసగా చదివే అలవాటు మానేయండి. పేపర్ కథ కాదు. వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ఆచార్యుడిగా ఉన్న ఎస్. కేశవ్ 2007లో తన విద్యార్థుల కోసం మూడు విడతల పద్ధతి ఒకటి రాశారు, అది ఏ సబ్జెక్టుకైనా పనికొస్తుంది. మొదటి విడత ఐదు పది నిమిషాలు: శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే చిన్న సారాంశం), ఉపశీర్షికలు, ముగింపు. ఇక్కడే చాలా పేపర్లు మనకు అక్కర్లేదని తేలిపోతుంది, పక్కన పెట్టేయొచ్చు. రెండో విడత ఒక గంట, బొమ్మలు, టేబుళ్లు, గ్రాఫులు జాగ్రత్తగా చూడాలి. మూడోసారి చదివేటప్పుడు ఆ పని మొత్తం మనమే చేస్తున్నట్టు అనుకోవాలి, "నేనైతే ఇక్కడ ఇలా చేసేదాన్ని కదా, వీళ్లెందుకు అలా చేయలేదు" అన్న ప్రశ్న పుట్టేది అప్పుడే. మీ గైడ్ అడుగుతున్న రివ్యూ ఆ ప్రశ్నల్లోంచి వస్తుంది.

ఒక నిజమైన పేపర్ చూద్దాం. మీ సబ్జెక్టుదే. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లకు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల దాకా ఇచ్చి చూసింది. మొత్తం లెక్క: మందు ఇచ్చిన 2,104 మందిలో 28 రోజుల లోపు 482 మంది చనిపోయారు, అంటే 22.9 శాతం. మామూలు వైద్యం మాత్రమే అందిన 4,321 మందిలో 1,110 మంది, అంటే 25.7 శాతం. ఇక్కడ ఆగిపోతే "డెక్సామెథాసోన్ కోవిడ్‌లో ప్రాణాలు కాపాడుతుంది" అని రాసేస్తాం. మీరు రాసిన నాలుగు పేజీల్లోనూ ఇలాంటి వాక్యమే ఉండి ఉంటుంది. తప్పు కాదు కానీ అది సగం నిజమే.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని ఆ 2,104 మందిని, 4,321 మందిని మూడు వరసలుగా విడదీయండి, పేపర్లోనే ఆ లెక్కంతా ఉంది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు: మందు ఇచ్చిన 324 మందిలో 95 మంది చనిపోయారు, ఇవ్వని 683 మందిలో 283 మంది. 29.3 శాతం ఒకవైపు, 41.4 శాతం ఇంకోవైపు, అంటే సుమారు ఎనిమిది మందికి ఇస్తే ఒక ప్రాణం నిలిచినట్టు. ఆక్సిజన్ మాత్రం పెట్టినవాళ్లు: 1,279 మందిలో 298, 2,604 మందిలో 682, అంటే 23.3 శాతం, 26.2 శాతం. ఇక ఆక్సిజన్ అవసరమే లేనివాళ్లు: మందు ఇచ్చిన 501 మందిలో 89 మంది, ఇవ్వని 1,034 మందిలో 145 మంది. 17.8 శాతం, 14.0 శాతం. ఇక్కడ ఆగండి. మందు ఇచ్చిన వైపే ఎక్కువ శాతం మంది పోయారు.

అలాగని "ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లను ఈ మందు చంపుతుంది" అని రాసేయకూడదు కూడా. పక్క కాలమ్ చూడండి, రేట్ రేషియో (మందు ఇచ్చినవైపు మరణాల రేటు ఇవ్వనివైపుకి ఎన్ని రెట్లో) 1.19, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు విలువ ఉండగలిగిన హద్దులు, ఒకటికి కిందనుంచి మొదలై ఒకటిన్నర దాటేదాకా ఉంది. ఒకటి అంటే తేడా లేదని అర్థం. హద్దుల మధ్య ఒకటి ఉంది కాబట్టి హాని జరిగిందని ఖాయంగా అనలేం, లాభం మాత్రం ఎక్కడా కనబడలేదు. రివ్యూలో వాడాల్సిన భాష ఇదే: ఆధారం ఎక్కడిదాకా వెళ్తుందో మన మాట అక్కడిదాకే వెళ్లాలి.

ఈ మూడో వరస చదవకపోతే ఏమవుతుందో మనం 2021లో మన కళ్లతో చూశాం. సెకండ్ వేవ్‌లో జ్వరం వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే, ఆక్సిజన్ 98 ఉన్నవాళ్లు కూడా స్టెరాయిడ్లు మింగారు. "లండన్ వాళ్లు ప్రాణాలు కాపాడుతుందన్నారట" అన్న మాట మెడికల్ షాపుల దాకా పాకింది, మూడో వరస పాకలేదు. స్టెరాయిడ్లూ అదుపులో లేని షుగరూ కలిసినచోట బ్లాక్ ఫంగస్ పెరిగింది, కన్ను పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. టేబుల్ దగ్గర ఆగమని నేను ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం అదే.

ఇక లోపాల సంగతి. ఈ ట్రయల్‌లో ఎవరికి మందు ఇస్తున్నారో డాక్టర్లకూ రోగులకూ తెలుసు, డమ్మీ మాత్ర ఇవ్వలేదు. చాలామంది విద్యార్థులు "బ్లైండింగ్ లేదు, ఇది లోపం" అని రాసి గీత గీసేస్తారు. అక్కడితో సరిపోదు, ఆ లోపం ఫలితాన్ని ఎంత వంచగలదో కూడా చెప్పాలి. ఇక్కడ కొలిచింది చావు, అది కొలిచేవాళ్ల అభిప్రాయాన్ని బట్టి మారదు, కాబట్టి ఆ లోపం తూకం తక్కువ. ఇదే ట్రయల్ "నొప్పి ఎంత తగ్గింది" అని రోగిని అడిగి ఉంటే అదే లోపం పేపర్‌ను ముంచేసేది. లోపాల చిట్టా ఎవరైనా రాస్తారు, ఒక్కోదాని బరువు చెప్పగలిగినప్పుడు మీ గైడ్ దాన్ని వెనక్కి ఇవ్వరు.

మెథడ్స్ విభాగం విసుగు పుట్టిస్తుందని దాటేసేవాళ్లకు కూడా ఒక మాట. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో అచ్చువేసిన ప్రసిద్ధ పేపర్ మొత్తం ఒక మెథడే, రంగును బట్టి ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి. దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ల్యాబుల్లో అది వాడారు. ఒక పేపర్లో మన తర్వాతివాళ్లకు మిగిలేది చాలాసార్లు ఆ విభాగమే.

ప్రశ్న: పి విలువ 0.04 వచ్చిందంటే నా ఫలితం నిజమయ్యే అవకాశం 96 శాతం అని అర్థమా?
— ఒక ఎమ్మెస్సీ విద్యార్థి, అనంతపురం

జవాబు: కాదు. అసలు తేడా ఏమీ లేదనే అనుకుందాం, అలాంటప్పుడు కూడా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా లేదా ఇంకా ఎక్కువ తేడా కనబడే అవకాశం నూటికి నాలుగు అని దాని అర్థం, అంతే. ఫలితం నిజమా కాదా అన్న ప్రశ్నకు పి ఒక్కటే జవాబు చెప్పలేదు. పేపర్ చదివేటప్పుడు వీళ్లు ఎన్ని పరీక్షలు చేశారో లెక్కపెట్టండి. ఏ తేడా లేని చోట ఒకదానితో ఒకటి సంబంధంలేని 20 పరీక్షలు చేస్తే, కనీసం ఒక్కటైనా 0.05 కంటే కిందికి వచ్చే (దాన్నే మామూలుగా "సిగ్నిఫికెంట్" అంటారు) అవకాశం 64 శాతం. ఆ ఒక్కదాన్నే పైకి తీసి పేపర్ రాస్తే చదివేవాళ్లకు మిగతా 19 కనబడవు. సైకాలజీలో అచ్చయిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసి 2015లో ఫలితాలు ప్రకటించారు. మొదటిసారి 97 అధ్యయనాల్లో సిగ్నిఫికెంట్ వచ్చింది, రెండోసారి చేస్తే 36 శాతమే నిలబడ్డాయి. అందుకే ట్రయల్ పేపర్ అయితే దాని రిజిస్ట్రేషన్ నంబర్ చూడండి. మన దేశంలో జరిగినవైతే ట్రయల్స్‌ను నమోదు చేసే సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ముందు కొలుస్తామని చెప్పింది, చివరికి పేపర్లో కొలిచింది ఒకటేనా అని పక్కపక్కన పెట్టుకుంటే చాలా సంగతులు బయటపడతాయి.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, పొద్దున హడావుడిలో సాసేజ్‌లు, సలామీ తినేసి వెళ్తాడు. అవి తింటే క్యాన్సర్ 18 శాతం వస్తుందని, సిగరెట్‌తో సమానమని వాట్సాప్‌లో వచ్చింది. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. నేను చదువుకున్నది డిగ్రీ వరకే, ఇలాంటివి నాకు అర్థమయ్యేలా చెప్పగలరా?
— ఒక అమ్మ, రాజమండ్రి

జవాబు: అమ్మా, మీరు అడిగింది చాలామంది పీజీ విద్యార్థులు కూడా తడబడే ప్రశ్న. ఆ 18 ఎక్కడిదంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రకటించింది: ప్రాసెస్ చేసిన మాంసం రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని. "18 శాతం పెరుగుతుంది" అంటే "18 శాతం మందికి వస్తుంది" అని కాదు. అమెరికాలో జీవితకాలంలో ఈ క్యాన్సర్ వచ్చేది నూటికి సుమారు నలుగురికి అనుకోండి. ఆ నాలుగుకు 18 శాతం కలిపితే ఐదు కూడా కాదు, నాలుగు పైన ముప్పావు. అంటే నూరు మంది రోజూ తింటే అదనంగా వచ్చేది ఒక్కరి లోపే. ఎవరైనా "ఇంత శాతం పెరిగింది" అంటే "ఎంత నుంచి?" అని అడగండి. పేపర్ చదివే పండితులు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే.

సిగరెట్ సంగతి: రెండూ ఆ సంస్థ జాబితాలో ఒకే వర్గంలో ఉన్న మాట నిజం. కానీ ఆ జాబితా చెప్పేది క్యాన్సర్ తెస్తుందనడానికి ఆధారం ఎంత గట్టిగా ఉందో, ఎంతమందికి తెస్తుందో కాదు. పొగాకు తెచ్చే హాని దీనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అబ్బాయిని వారంలో కొన్ని రోజులైనా గుడ్లకో ఉప్మాకో మారమని చెప్పండి, మంచిదే. మీరు మాత్రం కంగారు మానేసి ఈ రాత్రి హాయిగా నిద్రపోండి.

ప్రశ్న: మా జర్నల్ క్లబ్‌లో ఒక పెద్ద జర్నల్ పేపర్లో లెక్క తేడాగా ఉందని అంటే, "నీకన్నా పెద్దవాళ్లు చూసి అచ్చువేశారు, కూర్చో" అన్నారు. నిజంగా మాలాంటివాళ్లు ప్రశ్నించవచ్చా?
— ఒక పీజీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: ప్రశ్నించవచ్చు, ప్రశ్నించాలి. 2020 మే 22న లాన్సెట్ అనే పెద్ద వైద్య జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది: 671 ఆసుపత్రులు, 96,032 మంది కోవిడ్ రోగులు, హైడ్రాక్సీక్లోరోక్విన్ తీసుకున్నవాళ్లలో మరణాలు ఎక్కువ అని. దాని దెబ్బకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందును కొన్నాళ్లు ఆపేసింది. సరిగ్గా 13 రోజులకు, జూన్ 4న, ఆ పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. పట్టుకున్నవాళ్లు ఏ రహస్య ఫైలూ సంపాదించలేదు, పేపర్నే శ్రద్ధగా చదివారు. ఆస్ట్రేలియాలో ఏప్రిల్ 21 నాటికి 73 మంది చనిపోయారని పేపర్లో ఉంది. ఆ రోజుకు ఆ దేశం మొత్తంలో ప్రకటించిన మరణాలే 67. కొన్ని ఆసుపత్రుల్లో చనిపోయినవాళ్లు దేశం మొత్తంలో చనిపోయినవాళ్లకంటే ఎక్కువ ఎలా అవుతారు? ఐదో తరగతి పిల్ల చేయగలిగిన తీసివేత అది. ఇంకా చూస్తే, ఖండానికీ ఖండానికీ మధ్య రోగుల వివరాల్లో ఉండాల్సినంత తేడా లేదు, ఒక్క ఆసుపత్రి పేరు కూడా లేదు. డేటా చూపించమని అడిగితే ఆ డేటా పెట్టుకున్న కంపెనీ బయటి ఆడిటర్లకు ఇవ్వలేదు. జర్నల్ పెద్దదైనంత మాత్రాన రివ్యూయర్ల చేతికి ముడి డేటా వెళ్లినట్టు కాదు, చాలాసార్లు వాళ్లు చూసేదీ మనం చూసే కాగితాలే.

అయితే అడిగే తీరు ముఖ్యం. "ఈ పేపర్ తప్పు" అనకండి. "టేబుల్‌లో ఈ అంకె, ఫలానా చోట ఉన్న ఆ అంకె కలవడం లేదు, నేను ఏదైనా మిస్ అవుతున్నానా?" అని పేజీ నంబర్‌తో సహా అడగండి. పెద్దవాళ్లు కూర్చోమన్నా ఆ పేజీ నంబర్ రాసుకునేవాళ్లు గదిలో ఒకరైనా ఉంటారు.

ప్రశ్న: ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. మొదటిసారి ఒక జర్నల్ నుంచి పేపర్ రివ్యూ చేయమని మెయిల్ వచ్చింది. సంతోషంగా ఉంది, భయంగానూ ఉంది. ఏఐతో రాయించవచ్చా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సంతోషపడే ముందు ఆ జర్నల్ అసలుదో కాదో చూడండి. మిమ్మల్ని "మహానుభావా" అన్నంతగా పొగిడి, మీ సబ్జెక్టు కాని పేపర్ పంపి, మూడు రోజుల్లో ఇమ్మంటే వదిలేయండి. డబ్బు తీసుకుని రివ్యూ లేకుండానే అచ్చువేసే వ్యాపారం మన దగ్గర చాలా పెద్దది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ మీద 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. యూజీసీ 2018లో తన జాబితా నుంచి ఒకేసారి 4,305 జర్నల్స్‌ను తీసేసింది. ఆ తర్వాత తెచ్చిన "కేర్" జర్నల్స్ జాబితాను కూడా 2025లో ఎత్తేసి, ఎంచుకునే బాధ్యత విశ్వవిద్యాలయాలకు, మనకే వదిలేసింది. అందుకని ఎడిటోరియల్ బోర్డులో ఉన్నవాళ్లు నిజంగా ఆ విశ్వవిద్యాలయాల్లో ఉన్నారా, ఆ జర్నల్‌లో వచ్చిన నాలుగు పేపర్లు చదవదగ్గవేనా చూసుకోండి.

అసలుదే అయితే ఒప్పుకోండి, చేసేకొద్దీ మీ రాతే మెరుగవుతుంది. ఏఐ సంగతి: అచ్చుకాని పేపర్ మీ చేతిలో ఉన్న వేరొకరి సొత్తు, దాన్ని బయటి టూల్‌లో అప్‌లోడ్ చేయడాన్ని చాలా ప్రచురణ సంస్థలు ఒప్పుకోవు. చేయకండి. మొదటి పేరాలో ఆ పేపర్ ఏం చెబుతోందో మీ మాటల్లో రాయండి, తప్పుగా అర్థం చేసుకున్నారేమో ఎడిటర్‌కీ రచయితకీ అక్కడే తెలిసిపోతుంది. తర్వాత పెద్ద సమస్యలు, ఆ తర్వాత చిన్నవి. "స్టాటిస్టిక్స్ బాగోలేదు" అని రాస్తే రచయిత ఏం చేయగలరు? "టేబుల్ 2లో రెండు గ్రూపుల్లోనూ 40 మంది చొప్పున ఉన్నారు, టేబుల్ 3కి వచ్చేసరికి 33, 38 అయ్యారు, తగ్గినవాళ్లు ఎందుకు తగ్గారో, వాళ్లను కలుపుకుంటే ఫలితం ఇలాగే ఉంటుందో లేదో చెప్పాలి" అని రాయండి. ఎవరో ఒక విద్యార్థి మూడేళ్లు కష్టపడింది మీ చేతిలో ఉంది, ఆ మనిషి ఎదురుగా కూర్చుంటే అనగలిగిన మాటలే రాయండి. మీ పేపర్లు రెఫరెన్సుల్లో చేర్చమని మాత్రం ఎప్పుడూ అడగొద్దు.

ప్రశ్న: మంచి పేపర్ కనబడగానే డబ్బు కట్టమంటుంది. దొరికినా ఇంగ్లిష్‌లో పేజీకి గంట పడుతోంది. తెలుగు మీడియంలో చదివాను.
— ఒక పాఠకురాలు, ఆదిలాబాద్

జవాబు: మీది ప్రభుత్వ విశ్వవిద్యాలయమో కాలేజీయో అయితే లైబ్రేరియన్‌ను "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" గురించి అడగండి. 2025 జనవరి నుంచి అమల్లో ఉంది, 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 జర్నల్స్ ఉచితంగా చదవొచ్చు. అది లేకపోతే పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో వెతకండి, ప్రీప్రింట్ (జర్నల్‌లో రాకముందే రచయితలు బయటపెట్టే ప్రతి) ఉందేమో చూడండి. దొరక్కపోతే రచయితకు రెండు వాక్యాల మెయిల్ పెట్టండి, చాలామంది ఆ రోజే పంపేస్తారు. తమ పేపర్ ఒకరు చదువుతామంటే ఎవరికైనా సంతోషమే.

భాష విషయానికొస్తే, పేజీకి గంట పట్టడం మీ లోపం కాదు, ఆ పేజీలు అలా రాస్తారు. నేనూ తెలుగు మీడియమే. పీజీలో ఉండగా ఒక పేపర్ నాకు కష్టమనిపించి, వేరేవాళ్లు దాని గురించి రాసింది చదివి అదే నా థీసిస్‌లో పెట్టేశాను. వైవాలో ఎగ్జామినర్ అసలు పేపర్ తెరిచి చూపించారు, అందులో ఉన్నది దానికి పూర్తిగా ఎదురు. ఆ రోజు నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను, ఇప్పటికీ అదే పద్ధతి. ఇంగ్లిష్‌లో చదువుతాను, తెలుగులో రాసుకుంటాను, ఒక పేపర్‌కి ఒక పేజీ. ఎవరి మీద చేశారు, ఏం చేశారు, దేనితో పోల్చారు, ఏం కొలిచారు, అంకె ఎంత వచ్చింది, నాకు నమ్మబుద్ధి కానిది ఏమిటి. తెలుగులో రాయలేకపోయిన చోట నాకు అర్థం కాలేదన్నమాట, అక్కడికి మళ్లీ వెళ్తాను. పదో పేపర్‌కి వచ్చేసరికి ఆ సబ్జెక్టులో పదే పదే వచ్చే మాటలు ఓ రెండు వందలు మీ నోట్‌బుక్‌లో చేరి ఉంటాయి, అప్పటికి పేజీకి గంట పట్టదు. ఈ వారం ఒక్క పేపర్‌తో మొదలుపెట్టి, రాసుకున్న పేజీ ఫొటో తీసి మాకు పంపండి, వచ్చే నెల దాన్ని ఇక్కడే కలిసి చూద్దాం.